తిరిగి చేరేవారు

...పైగా చెప్పింది ఎవరికి? గుమ్మంలో నిలబడ్డ, ముక్కూ మొహం తెలియని సర్వే మనిషికి. నాకు కాదు. ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం ఫోన్‌లో "బాగా చదువుతోంది అక్కా" అన్న నోటితోనే నా చెల్లెలు ఆ మనిషికి నిజం చెప్పింది. అంత సులువుగా ఎలా చెప్పగలిగిందా అని సోమవారం నుంచి ఆలోచిస్తున్నాను. బహుశా కూర్చోమని కుర్చీ కూడా వేసి ఉంటుంది.

నేను గణాంకాల కార్యాలయంలో పనిచేస్తాను. దేశంలో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళ ఆడపిల్లల్లో ఎంతమంది బడి చదువు పూర్తిచేస్తారు, పదేళ్ళ తర్వాత ఎంతమంది, నలభై ఏళ్ళ తర్వాత ఎంతమంది అన్న అంచనా కట్టడం నా పని. ఆ అంచనాల గ్రాఫులో గీత ఎప్పుడూ పైకే వెళ్తుంది. మెల్లగా, మర్యాదగా.

సోమవారం అనుమానం ఉన్న సర్వే పత్రాలు సరిచూస్తున్నాను. తల్లి కంటే తక్కువ చదివి కూతురు బడి మానేసిన ఇళ్ళని కంప్యూటరు పక్కకి తీసిపెడుతుంది, రాసినవాడి పొరపాటేమో చూడమని. పత్రాల్లో పేర్లుండవు. పదకొండో దానిలో తల్లి ముప్పై తొమ్మిదేళ్ళది, డిగ్రీ చదివింది, జెరాక్స్ షాపు నడుపుతోంది. తండ్రి లిఫ్టు మెకానిక్. తొమ్మిదేళ్ళ కవల మగపిల్లలు చదువుతున్నారు. కూతురు పుట్టింది ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన. తొమ్మిదో తరగతి పాసై మానేసింది. మానేసి ఎనిమిది నెలలు. కారణం: ఇంట్లో అవసరం.

ఇరవై తొమ్మిది లేని సంవత్సరాల్లో మా చెల్లెలి కూతురు పిచ్చుక పుట్టినరోజు ముందు రోజా, మర్నాడా అని మా ఇంట్లో ఏటా తగువే.

ఆ తర్వాత నేను చేసిన పని తలుచుకుంటే సిగ్గేస్తుంది. పత్రంలో పొరపాటుందేమోనని వెతికాను. లేదు. వయసుకీ తరగతికీ పొంతన కుదిరింది. "సరైనదే" అని గుర్తు పెట్టి తరువాతి పత్రం తెరిచాను. 

"ఏమ్మా, నీ గీత ఇంకా కొండెక్కలేదా?" అన్నాడు మా సెక్షన్ పెద్ద. ఆయన్ని అందరం వెనకాల సరాసరి గారు అంటాం.

"ఎక్కుతోంది సార్."

"ఎక్కించు, ఎక్కించు. నలభై ఏళ్ళ తర్వాత తప్పని తేలితే నన్నడగడానికి ఎవరొస్తారు? వచ్చినా నేనుండను కదా!" ఆయన జోకుకి ముందు ఆయనే నవ్వాడు.

ఆ లెక్కలో "తిరిగి చేరేవారు" అని ఒక గడి ఉంది. రెండేళ్ళు బడికి దూరమైన ఆడపిల్లల్లో మళ్ళీ వచ్చేవాళ్ళ శాతం. ఆరేళ్ళ క్రితం అందులో సున్నా వేసింది నేనే. వచ్చేవాళ్ళు మరీ కొద్దిమంది, లెక్కకి ఆనరు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం కూడా సుఖంగానే చేసి ఉంటాను.

మానేసిన పిల్లలు విడిగా పదో తరగతి పరీక్ష రాయడానికి దరఖాస్తు గడువు వచ్చే బుధవారం. అది దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి, పిచ్చుక కూడా ఆ రెండేళ్ళ లెక్కలోకి పోతుంది. నేను నోరు విప్పాలి. కానీ పత్రంలో చూసింది ఎవరికీ చెప్పనని, ఎవరి మీదా వాడనని ఉద్యోగంలో చేరిన రోజే సంతకం పెట్టాను. ఆ మాట మీద నమ్మకంతోనే జనం తలుపు తీస్తారు. నా చెల్లెలూ అలాగే తీసింది. "నువ్వు బడి మాన్పించావని నాకు తెలుసు" అంటే, ఎలా తెలుసని అడుగుతుంది.

ఇవాళ ఆదివారం, పిచ్చుకకి ఫోన్‌లో లెక్కలు చెప్పే రోజు. పది నిమిషాలు ముందే ఫోన్ చేశాను.

"ఏంటక్కా, నీ గడియారానికి అంత తొందరేంటి?" అంది చెల్లెలు.

"నడుము ఎలా ఉంది?"

"ఉంది. ఉన్నానని గంటకోసారి గుర్తు చేస్తూనే ఉంది."

"పిచ్చుక?"

"పుస్తకం ముందేసుకు కూర్చుంది. నీ శిష్యురాలు కదా, తిండికి పిలిచినా పలకదు."

తడబాటు కోసం చెవులు రిక్కించాను. ఒక్క అక్షరం కూడా వణకలేదు. చెల్లెలు డిగ్రీ తర్వాతి చదువు మధ్యలో వదిలేసినప్పుడు రెండేళ్ళు నేను ఆమెతో మాట్లాడలేదు. అదొక పద్ధతి అనుకున్నాను. ఆ రెండేళ్ళలో అబద్ధం ఆడటం ఎలాగో నేర్చుకుందేమో. కావచ్చు. అయినా నన్ను ఇలా, గుండె జబ్బు మనిషి దగ్గర చావుకబురు దాచినట్టు, తల్లీ కూతురూ కూడబలుక్కుని...

"పెద్దమ్మా! ఇవాళ ఏ లెక్కలు?" పిచ్చుక వచ్చింది. వెనకాల ఎప్పటిలాగే జెరాక్స్ మిషను చప్పుడు.

"బళ్ళో ఎక్కడిదాకా వచ్చారు?"

"పోయినవారం నువ్వు ఆపావు చూడు, అక్కడికే."

ఎనిమిది నెలలుగా వాళ్ళ బడి నేను ఆపిన చోటే ఆగుతోంది. వాళ్ళ టీచరు బద్ధకస్తురాలు కాబోలు అనుకున్నాను. అంకెల్లో ఇలాంటి పోలిక కనిపిస్తే అక్కడే పట్టుకునేదాన్ని.

"పాపా, ఈ దరఖాస్తు రెండు కాపీలు తియ్యి," అని ఎవరిదో గొంతు.

"ఒక్క నిమిషం పెద్దమ్మా."

"ఏం దరఖాస్తులే అవి?"

"పదో తరగతి పరీక్షవి. నిన్నటి నుంచి ఒకటే జనం. ఫోటో నల్లగా పడుతోందని నాతో పోట్లాట. వాళ్ళ మొహానికి నేనేం చెయ్యను?" కిలకిలా నవ్వింది. ఆ నవ్వులో ఏ బాధా నాకు దొరకలేదు. దొరక్కపోవడమే ఎక్కువ నొప్పించింది.

లెక్క చెప్పాను. పెన్సిలు గీరుకుంటున్న చప్పుడు. "అరవై డిగ్రీలు. అవునా?"

అవును. వారానికి ఈ ఒక్క గంట నిజంగానే చదువుతోంది. నన్ను మోసం చేయడానికి చదువుతోందా, చదువుకోవడానికి మోసం చేస్తోందా? చెల్లెలికి తెలుసేమో. నాకు తెలియదు. తెలియదనుకుంటే సర్వే మనిషి మీద అసూయ కలిగింది. నేను ఏ పాఠం అని అడిగాను, ఎన్ని మార్కులు అని అడిగాను. ఆ రెంటికీ ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దాని జవాబు తెలిసిందేనన్నట్టు నడిచాను. అతను ఆ మొదటి ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాడు. తెలిసింది వాడకూడదు, నిజమే. అడగకూడదని మాత్రం ఎక్కడా సంతకం పెట్టలేదు.

"పెద్దమ్మా, ఉన్నావా? తప్పా?"

"తప్పు కాదు. పుస్తకం మూసెయ్."

"అప్పుడేనా?"

గొంతులో ఏ ఎత్తిపొడుపూ లేకుండా చూసుకున్నాను. తర్వాత, ఏమీ తెలియని మనిషిలా, ఆ పిల్లని మొదటిసారి అడిగాను.

"నువ్వు బడికి వెళ్తున్నావా, పిచ్చుకా?"