ఆమినా రాసిన రిపోర్టు

"ఎటు చూస్తున్నవ్? రొట్టె మాడుతున్నది," అన్నాడు భర్త జమీర్. ఆమినా రొట్టె తిప్పింది గానీ మనసంతా తాను పనిచేసే కామారెడ్డి రైసుమిల్లులోనే ఉంది. అక్కడ వడ్లు ఆరబెట్టే యంత్రాన్ని నడిపే కంప్యూటర్ బోర్డు పోయిన వారం ఉన్నట్టుండి ఆగిపోయింది. బర్నర్ మంట ఆరలేదు. చేత్తో ఆర్పబోయిన కూలీ హనుమాండ్లు చెయ్యి మోచేతి దాకా కాలింది. నిద్రపోయాడంటూ యజమాని అతన్నే పనిలోంచి తీసేశాడు.

ఆ బోర్డు మీద వాచ్‌డాగ్ టైమర్ అనే చిప్ ఉంది. ప్రోగ్రామ్ ప్రతి రెండు సెకన్లలోపు దానికి ఒక సంకేతం పంపుతూ ఉండాలి. అందకపోతే అది కంప్యూటర్‌ను మళ్లీ మొదలుపెట్టిస్తుంది. మొదలవుతూనే కంప్యూటర్ మంట ఆర్పేస్తుంది. "టైమర్ పెట్టిన. అయినా గిట్లయిందంటే తప్పు మనిషిదే," అన్నాడు ప్రోగ్రామ్ రాసిన ఇంజనీరు దేవన్న. ఆమినా కూడా ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసిందే. అయినా మూడేళ్లుగా మిల్లులో ఆమె పని అతని కాగితాలు టైపు చేయడం, చాయ్ పెట్టడం. "నీ చదువుతోని నాకేం పని? ఇంటికి టైముకు రా," అంటాడు జమీర్. అక్కడా ఇక్కడా తన చేతులే కావాలి; తలతో ఎవరికీ పని లేదు. ఆ ఆలోచన వారం రోజులుగా ఆమెను ఒకచోట కూర్చోనివ్వడం లేదు.

ఆ రోజు దేవన్న పొద్దున్నే నిజామాబాద్ వెళ్లాడు. ఆమినా ప్రోగ్రామ్ తెరిచి వరుసవరుసా చదివింది. మధ్యాహ్నానికి దొరికింది. సంకేతం పంపే వరుసను అతను గడియారం నడిపే చిన్న భాగంలో పెట్టాడు. అసలు ప్రోగ్రామ్ చిక్కుకుపోయినా ఆ భాగం ఆగదు. అంతా బాగానే ఉందని టైమర్‌కు చెబుతూనే ఉంటుంది. ఆమె ఆ వరుసను తీసి, వేడి చూసి మంటను సరిచేసే పని పూర్తయ్యే చోట పెట్టింది. బర్నర్ వెలిగించి, కావాలనే ప్రోగ్రామ్‌ను చిక్కుకుపోనిచ్చింది. రెండు సెకన్లు. మంట ఆరింది.

సాయంత్రం తిరిగొచ్చిన దేవన్న అంతా చూశాడు.

"మంచిగ చేసినవ్ చెల్లె. రిపోర్టు నా పేరు మీద టైపు కొట్టు. పాత ముచ్చట రాయకు."

"మరి హనుమాండ్లన్న సంగతేంది సార్?"

"ఇంకో మిల్లుల చూసుకుంటడు."

ఆమె జరిగింది జరిగినట్టే టైపు చేసి కింద తన పేరు రాసి సంతకం పెట్టింది. ఒక ప్రతి యజమాని బల్ల మీద ఉంచి, ఇంకొకటి పట్టుకుని హనుమాండ్లు ఊరైన ఎల్లారెడ్డికి బస్సెక్కింది. ఇంట్లో జమీర్ ఎదురుచూస్తుంటాడని తెలుసు. చూడనీ, అనుకుంది.

హనుమాండ్లు భార్య ఈరవ్వ ఆ కాగితం రెండుసార్లు చదివించుకుంది. "గిట్ల రాస్తే నీ నౌకరి పోదా బిడ్డా?"

"పోతదేమో," అంది ఆమినా. "గిన్నేండ్లు వాళ్లు చెప్పింది కొట్టిన ఈరవ్వా. ఇయ్యాల నేను చెప్పింది కొట్టిన."