ఎడమచేతి ముద్ద

పక్షవాతం వచ్చి హనుమమ్మకు కుడివైపు పడిపోయింది. నారాయణగూడ ఆసుపత్రిలో చేర్చి, మంచం తలవైపు ఎత్తి కూర్చోబెట్టారు. మింగడానికి ఇబ్బంది లేదని డాక్టరు చూసి చెప్పాడు. ఇబ్బందల్లా ఆమె పంతంతోనే. ఎవరైనా తినిపించబోతే మూతి తిప్పుకుంటుంది. ఎడమచేత్తో తినమంటే, "ఛీ, ఆ చేత్తోని అన్నం ముడ్తరా ఎవలన్న?" అంటుంది. సాయంత్రానికీ తినకపోతే ముక్కులో గొట్టం వెయ్యాల్సిందేనన్నాడు డాక్టరు.

నర్సింగు పిల్లలకు వార్డులో పని నేర్పే అన్నపూర్ణ, తన్మయిని ఆ మంచం దగ్గర పెట్టింది. తన్మయిది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. "పేషెంట్లకు పట్టింపులుంటాయమ్మా, కుడిచెయ్యే వాడాలి" అని మొదటి రోజే కట్టడి చేసింది అన్నపూర్ణే. ఇప్పుడా పిల్ల కుడిచేత్తో చెంచా ఎత్తితే సగం పెరుగన్నం దుప్పటి పాలయింది.

"నీకే చేతనైత లేదు, నాకేం తినిపిస్తవ్?" అంది హనుమమ్మ. మాట ముద్దగా వస్తున్నా పదును తగ్గలేదు.

తన్మయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "గొట్టం ఎయ్యనియ్యకుండ్రి మేడమ్."

అన్నపూర్ణ దుప్పటి మీది మరకను కాసేపు చూసింది. "నీ భోజనం డబ్బా ఏదీ?"

"బ్యాగుల ఉంది."

"తెచ్చుకుని ఇక్కడే తిను. నీ చేత్తో."

"వార్డుల తినొద్దని మీరే అన్నరు గద మేడమ్?"

"నేనే అన్నాను. చేతులు కడుక్కుని రా."

చిక్కడపల్లి హాస్టల్లో కట్టిచ్చిన పప్పన్నం. తన్మయి ఎడమచేత్తో కలిపి ముద్ద చేస్తుంటే హనుమమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

"గదేంది బిడ్డా! మీ అమ్మ చెప్పలేదా?"

"చెప్పుడేంది అమ్మమ్మా, గరిటెతోని కొట్టింది గూడ. చెయ్యి మారలే, అమ్మే మారింది."

"పెండ్లిళ్లల్ల నలుగురు నవ్వరా?"

"నవ్వుతరు. వాళ్లు నవ్వి అయిపోయేలోపల నేను రెండో లడ్డు గూడ తింట."

హనుమమ్మ మూతి ఒకవైపే నవ్వింది.

పెట్టనా అని తన్మయి అడగలేదు. తన పాటికి తాను తింటోంది. కాసేపటికి హనుమమ్మ ఎడమచెయ్యి దుప్పటి మీది నుంచి లేచింది. పెరుగన్నం గిన్నె అంచు దాకా పోయి ఆగింది.

"ఎవలన్న చూస్తున్నరా?"

అన్నపూర్ణ కిటికీ వైపు తిరిగింది.

"ఎవ్వలు లేరు. వేళ్లు జర దగ్గరికి పెట్టు అమ్మమ్మా. బొటనవేలుతోని నూకు."

మొదటి ముద్ద గడ్డం మీదే ఆగింది. రెండోది లోపలికి పోయింది.

"ఉప్పు లేదు" అంది హనుమమ్మ, నములుతూ.

అన్నపూర్ణ డాక్టరుకు ఫోన్ చేసి గొట్టం అక్కర్లేదని చెప్పింది. తిరిగి వచ్చి మందుల ట్రేను తన్మయికి ఎడమవైపుగా జరిపింది.