మామ నోట రాని మాట

ఆదివారం ఆరాధన అయిపోయినాక, బాప్తిస్మం తీసుకోబోయే పిల్లలకు రెబెకా పాఠం చెబుతుంది. చర్చి వెనక రేకుల గదిలో చాప పరిచి, పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లల్ని కూర్చోబెట్టుకుని, పరలోకమందున్న మా తండ్రీ అనే పరలోక ప్రార్థనతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ నేర్పిస్తుంది. ఈస్టరు ఇంకా దూరంగా ఉన్న ఒక ఆదివారం, ఆమె బోర్డు మీద రాస్తూ ఉంటే వెనక గుసగుసలు ఒక్కసారిగా ఆగిపోయాయి. తిరిగి చూస్తే గుమ్మంలో మామ మునిరత్నం. తలకు చుట్టుకునే తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నేనూ ఈడ కూకోవచ్చునా అమ్మా?"

రెబెకా సుద్దముక్క కింద పెట్టింది. పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ పల్లెలో మునిరత్నం చర్చి గేటు దాటి లోపలికి రాడని చిన్నపిల్లలకు కూడా తెలుసు. వర్షం వచ్చినా, ఎండ కాసినా, భార్య సంతోషమ్మను గేటు దాకా తెచ్చి వదిలి, ఆరాధన అయ్యేదాకా ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద కూర్చునేవాడు. కొడుకు రవిచంద్రకు రెబెకాతో పెళ్ళి అయిన రోజు కూడా ఆ బెంచీ మీదనే కూర్చున్నాడు. చిత్తూరు నుంచి బస్సు మాట్లాడుకుని వచ్చిన రెబెకా వాళ్ళ బంధువులంతా చూశారు. పెళ్ళికొడుకు నాయన యాడ అని అడిగిన వాళ్ళకు ఏం చెప్పాలో తెలియక రెబెకా తండ్రి తల దించుకున్నాడు. ఆ సంగతి రెబెకా ఎవరితోనూ ఎత్తలేదు. మర్చిపోనూ లేదు.

"రండి మామా," అంది చివరికి. ఒక పిల్లవాడు లేచి గోడ పక్కన చోటిచ్చాడు. ఆనుకోవడానికి గోడ ఉన్నా మునిరత్నం ఆనుకోకుండా, మఠం వేసుకుని నిటారుగా కూర్చున్నాడు.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ రెబెకా అడిగింది, ఎందుకు వచ్చారని. సంతోషమ్మ పోయి అప్పటికి ఏడాది కావస్తోంది.

"మీ అత్త అన్నేండ్లు ఆడికి పోయేది గదా," అన్నాడు మునిరత్నం, కంచంలో చూపు పెట్టుకుని. "ఒక్క వారం మానలే. యేం నేర్చుకునిందో నాకు తెలీదు. అడగలే నేనెప్పుడూ. ఇప్పుడు అడగాలంటే మనిషి లేదు. నువ్వన్నా నేర్పిస్తావని వచ్చినాను."

మునిరత్నం బడికి పోయినవాడు కాదు. అందుకే రెబెకా ఒక్కో వాక్యం చదివి వినిపిస్తే, అతను పెదాలు కదుపుతూ పట్టుకునేవాడు. పడవ మీద వల విడుస్తూ వల్లె వేసుకునేవాడు. తప్పు చెబితే పిల్లలు నవ్వేవాళ్ళు, అతనూ నవ్వేవాడు. కొన్ని వారాలకు పరలోక ప్రార్థన పూర్తిగా వచ్చేసినట్టే అనిపించింది. అందరూ కలిసి చెప్పేటప్పుడు అతని బొంగురు గొంతు కింద నుంచి వినపడేది.

కానీ ఒక చోట ఆ గొంతు ఆగిపోయేది. మా పట్ల తప్పు చేసిన వాళ్ళను మేము క్షమించినట్టు మా తప్పులు నువ్వు క్షమించు అని అడిగే చోట మునిరత్నం నోరు మూసుకునేవాడు. ఆ మాట దాటినాక మళ్ళీ అందుకునేవాడు. మొదటిసారి రెబెకా మర్చిపోయాడేమో అనుకుంది. వారం వారం అదే చోట ఆగుతుంటే అర్థమయింది.

ఆ పల్లెలో అందరికీ తెలిసిన సంగతే అది. రవిచంద్రకు అన్న ఒకడుండేవాడు, విజయ్ కుమార్. మీసాలు సరిగ్గా రాని వయసు. గాలి బాగా లేదని అందరూ పడవలు ఒడ్డుకు లాగేసుకున్న రోజున, మునిరత్నం స్నేహితుడు మునిరామయ్య మాత్రం రొయ్య బాగా పడతాదని, రారా అని విజయ్‌ను ఎక్కించుకుని సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి పోయాడు. మొగ దగ్గర పడవ తిరగబడింది. మునిరామయ్య ఒక్కడే ఈదుకుంటూ వచ్చాడు. అంతవరకు మునిరత్నం, మునిరామయ్య ఒక్క పడవ మీద వేట చేసిన వాళ్ళు. ఆ రోజు నుంచి మునిరత్నం అతని మొహం చూడలేదు. దేవుని మొహమూ చూడనని, ఎప్పుడో పండగలకు చర్చికి వచ్చేది కూడా మానేశాడు. ఇద్దరి ఇళ్ళూ ఒకే వీధిలో. మునిరామయ్య చర్చి మనిషి కాదు. అయినా సంతోషమ్మ కొన్నాళ్ళకు అతని ఇంటి ముందు ఆగి మంచీచెడ్డా అడగడం మొదలుపెట్టిందనీ, అందుకు మునిరత్నం ఆమెతో నెల రోజులు మాట్లాడలేదనీ రవిచంద్ర ఒకసారి చెప్పాడు.

ఈస్టరు దగ్గర పడేకొద్దీ రెబెకాకు గాబరా పట్టుకుంది. బాప్తిస్మం రోజు ఒడ్డున చర్చి సంఘమంతా ఉంటుంది. అందరి ముందు మామ నోరు మూసుకుంటే ఎట్లా? ఒక సాయంత్రం, ఎండుచేపలు గంపలోకి ఎత్తుతున్న అతని దగ్గరికి పోయి మెల్లిగా అంది.

"మామా, ఆ మాట కూడా అనేయండి. అందరితో పాటు చెప్పేదే గదా. ఎవరూ గమనించరు."

మునిరత్నం చేతిలో చేపను గంపలో వేసి ఆమె వైపు చూశాడు. కోపం లేదు. నొచ్చుకున్నట్టు ఉంది మొహం.

"ఎవురూ గమనించకపోతే సరిపోతాదా అమ్మా? లోపల లేంది నోటితో ఎట్ల అనేది? అవతల ఇనేవాడు ఒకడుండాడని నువ్వే గదా చెప్తివి." కొంచెం ఆగి అడిగాడు. "నీకు వస్తాదా ఆ మాట?"

"వస్తుంది మామా," అంది రెబెకా. అని ఇంట్లోకి వచ్చేసింది. స్టవ్ వెలిగించి, పాలు పెట్టి, అవి పొంగిపోయేదాకా చూడకుండా నిలబడింది. చిత్తూరులో చిన్నప్పుడు సండేస్కూల్లో వాక్యాలు గడగడా అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్న పిల్ల ఆమె. ఆ ప్రార్థన ఎన్ని వేలసార్లు చెప్పిందో లెక్క లేదు. టీ కొట్టు బెంచీ మీద కూర్చున్న మామ మాత్రం ఆమె లోపల ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు.

మరునాడు పాస్టరు ప్రేమానందం దగ్గరికి పోయింది. ముసలాయన, ఆ సంఘంలో చాలా ఏళ్ళుగా ఉన్నవాడు. పెరట్లో వంకాయ మొక్కలకు నీళ్ళు పోస్తూ అంతా విన్నాడు.

"బలవంతం చెయ్యొద్దమ్మా," అన్నాడు. "సంతోషమ్మ కూడా అదే మాట కాడ ఆగేది. నీకు తెలీదా?"

"అత్తమ్మా?"

"ఆ యమ్మే. నువ్వు కోడలుగా రాకముందు, పిల్లోడు పోయినాక ఏండ్ల తరబడి ఆ మాట అనలే. దాపరికమేమీ లేదు, గురువారం మహిళా కూటంలో అందరి ముందరే అడిగేది, నేనెట్ల అనేది అయ్యా అని. నా దగ్గర జవాబు ఉంటే గదా చెప్పేదానికి. అందురూ కలిసి వాక్యం చదివేవాళ్ళు, మాట్లాడుకునేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, ఇంటికి పోయేవాళ్ళు. వచ్చే గురువారం మళ్ళా వచ్చేది. ఒకనాడు నా కాడికి వచ్చి, అయ్యా ఈ వారం అన్నాను అనింది. నేను సంతోషపడినాను. తర్వాతి వారం మళ్ళీ నోరు మూసుకునింది!" ఆయన నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు. "ఒకసారి నేర్చుకుంటే అయిపోయే పాఠం కాదమ్మా అది. చివరిదాకా నేర్చుకుంటానే ఉండింది. మీ మామకు చెప్పు. బాప్తిస్మం అన్నీ వచ్చినోళ్ళకు కాదు, నేర్చుకుంటామనే వాళ్ళకు."

రెబెకా ఇంటికి వచ్చి చెప్పింది. మునిరత్నం వాకిట్లో కూర్చుని విన్నాడు.

"నాకు చెప్పలేదే," అన్నాడు. "క్షమించేది ఊరికే వచ్చేసింది అనుకున్నా ఆ యమ్మకు. కన్నబిడ్డను అంత సులువుగా మర్సిపోయిందే అని పండ్లు కొరికినా ఇన్నేండ్లు." తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రెబెకా లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది.

రెండు మూడు రోజులకు శ్రీహరికోటలో రాకెట్టు వదులుతున్నారని పడవలు కదలనివ్వలేదు. పొద్దున ఇంట్లో మామ కనపడకపోతే రెబెకా వీధిలోకి వచ్చి చూసింది. మునిరామయ్య ఇంటి అరుగు మీద ఇద్దరు ముసలివాళ్ళు కూర్చుని ఉన్నారు. మధ్యలో వల పరిచి ఉంది. మునిరామయ్యకు చూపు బాగా తగ్గిపోయింది. చిరుగులు చేత్తో తడిమి చూపిస్తుంటే మునిరత్నం కుడుతున్నాడు. ఆమె దగ్గరికి పోయేసరికి మునిరామయ్య ఏదో మొదలుపెట్టాడు.

"ఆ దినం, రత్నం, నేను..."

"ఆ దినం మాట ఎత్తొద్దప్పా," అన్నాడు మునిరత్నం, దారం పండ్లతో తెంపుతూ. "ఈ పొద్దుకు నేను ఇనలేను. ఈ పక్క పట్టుకో."

మునిరామయ్య పట్టుకున్నాడు. దూరంగా రాకెట్టు లేచినప్పుడు ఇంటి రేకులు దడదడలాడాయి. ఇద్దరూ తల ఎత్తలేదు. రెబెకా వెనక్కి వచ్చి రెండు గ్లాసుల్లో కాఫీ పోసుకుని పోయి వాళ్ళకిచ్చింది.

ఆ మధ్యాహ్నం మామ అన్నానికి కూర్చున్నప్పుడు ఆమెకు ధైర్యం వచ్చింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంక ఎప్పటికీ చెప్పలేననిపించింది.

"మామా, మొన్న మీరు అడిగినారు గదా, నాకు ఆ మాట వస్తుందా అని. అబద్ధం చెప్పినాను. మా పెళ్ళి రోజు మీరు లోపలికి రాలేదు. మా నాయన తల దించుకున్నాడు. నేను ఇప్పటికీ మర్చిపోలేదు."

మునిరత్నం చెయ్యి కంచంలో ఆగిపోయింది. "తెలుసమ్మా," అన్నాడు. "నువ్వు కాఫీ ఇచ్చేటప్పుడు నా మొగం సూడవు. అప్పుడే తెలుసు." చెయ్యి కడుక్కుని వచ్చాడు. "మీ నాయనకు ఫోన్ కలుపు."

రెబెకా కలిపింది. అతను ఫోను రెండు చేతులతో పట్టుకుని, పడవ మీద నుంచి ఒడ్డుకు కేకేసినట్టు గట్టిగా మాట్లాడాడు. "బావా, నేను మునిరత్నాన్ని. ఈస్టరుకు నా బాప్తిస్మం. నువ్వు రావల్ల. నీ కూతురి పెండ్లికి నేను లోపలికి రాలే. తప్పు చేసినాను. నువ్వు వచ్చి నా పక్కన నిలబడు, నేను అడిగేది అంతే." అవతల నుంచి ఏం వినిపించిందో, సరే సరే అని తల ఊపి ఫోను ఆమెకిచ్చేశాడు. "వస్తాడంట. మీ యమ్మకు మోకాళ్ళ నొప్పులంట, కార్లో రమ్మని చెప్పు."

ఈస్టరు పొద్దున సంఘమంతా ఒడ్డుకు చేరింది. పిల్లల వెనక మునిరత్నం తెల్ల పంచె, తెల్ల చొక్కాతో నడుం లోతు నీళ్ళలోకి దిగాడు. ఒడ్డున రవిచంద్ర పక్కన చిత్తూరు వియ్యంకుడు పొడి తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. కొంచెం దూరంలో, ఎవరో చెయ్యి పట్టుకుని తెస్తే, మునిరామయ్య కూడా వచ్చి నిలబడ్డాడు. అందరూ కలిసి ప్రార్థన చెప్పారు. ఆ మాట దగ్గర మునిరత్నం ఆగిపోయాడు. దాచుకోలేదు, తల దించుకోనూ లేదు. పాస్టరు అతని భుజం మీద చెయ్యి వేసి, ప్రార్థన అయ్యేదాకా ఉంచి, తర్వాత నీళ్ళలో ముంచి లేపాడు. రెబెకా కూడా ఆ రోజు ఆ మాట గబగబా అనలేకపోయింది. మెల్లిగా, ఏమంటోందో వింటూ అంది.

తర్వాతి ఆదివారం క్లాసుకు కొత్త పిల్లలు వచ్చారు. వాళ్ళ మధ్య గోడ పక్కన మునిరత్నం.

"అయిపోయింది గదా మామా బాప్తిస్మం," అంది రెబెకా.

"యాడయిపోయిందమ్మా? నాకు ఇంకా ఒక మాట రాలేదే."

అతను వస్తున్నాడని తెలిసి సంతోషమ్మ ఈడు ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు వచ్చారు. వాళ్ళను చూసి టీ కొట్టు బెంచీ మీద కూర్చునే ఇంకో ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. పిల్లలకూ పెద్దలకూ ఒక్క గది చాలక, పెద్దలకు వేరేగా గురువారం సాయంత్రం పెట్టారు. రెబెకా ఇప్పుడు బోర్డు మీద రాయడం తగ్గించింది. చదువుతుంది, అడుగుతుంది, చెప్పేది వింటుంది. జవాబు తెలియనప్పుడు తెలియదనే చెబుతుంది.

వానలు మొదలైనాక మునిరామయ్యకు ఊపిరాడని జబ్బు చేసింది. తిరుపతిలో ఆసుపత్రికి తీసుకుపోతే మునిరత్నం తోడు పోయాడు. వారం పైగా అక్కడే ఉన్నాడు. ఏం మాట్లాడుకున్నారో తిరిగి వచ్చినాక ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు, రెబెకా అడగలేదు.

ఆ వచ్చే గురువారం వాన జోరుగా ఉంది. రేకుల మీద చప్పుడుకు ఎవరి మాట ఎవరికీ సరిగ్గా వినపడటం లేదు. కళ్ళు మూసుకుని అందరూ ప్రార్థన చెబుతున్నారు. ఎప్పుడూ ఆగే చోట ఆ బొంగురు గొంతు ఆగలేదు. ఒక పదం దగ్గర తడబడింది, మళ్ళీ అందుకుంది. పక్కనున్న వాళ్ళు గమనించినట్టు లేదు. రెబెకా కళ్ళు తెరిచి చూసింది. మునిరత్నం కళ్ళు తెరవలేదు. చెంపల మీద తడి ఉంది.

ప్రార్థన అయింది. అతను తువ్వాలుతో మొహం తుడుచుకుని ఆమె వైపు చూశాడు.

"వచ్చే వారం వస్తాదో రాదో," అన్నాడు. "సరే, ఈ పొద్దు పాఠం ఏందో చదువమ్మా."

రెబెకా పేజీ తిప్పి చదవడం మొదలుపెట్టింది.