షిఫ్టు మారే వేళ మీటింగు

బడి వరండాలో ఆ కాగితం అంటించి మూడు రోజులైందట. వంటగదిలో పప్పు ఉడికిందో లేదో చూద్దామని వచ్చిన రాజకుమారి నోటీసు బోర్డు ముందు ఆగిపోయింది. కాగితం కింద ఉన్నది తన సంతకమే. రెండో అక్షరం కొంచెం వంకరగా, తను ఎప్పుడూ పెట్టేట్టే ఉంది.

బడి కమిటీకి చైర్మన్ ఆమె. అంటే ఏమిటో ఆమెకూ సరిగ్గా తెలియదు. వంట బాగుందా లేదా చూడాలి, పంద్రాగస్టుకు మైకు పక్కన నిలబడాలి, సారు చెప్పినచోట సంతకం పెట్టాలి. ఇంతకాలం అంతే అనుకుంది.

పెదవులు కదుపుతూ చదివింది. తల్లిదండ్రుల సమ్మతితో ఆరు, ఏడు తరగతులను వచ్చే నెల నుంచి రోడ్డు అవతలి ఉన్నత పాఠశాలలో కలపడానికి తీర్మానించడమైనది. దాని కింద సన్నటి అక్షరాలు. సగం ఇళ్లకు తక్కువ కాకుండా తల్లిదండ్రులు సంతకాలతో అభ్యంతరం తెలిపితే తీర్మానం రద్దవుతుంది. ఇంటికి ఒక్క సంతకం. గడువు సాయంత్రం ఐదు గంటలు, మండల ఆఫీసులో.

తేదీ చూసింది. ఇవాళే.

ఆమె కూతురు హర్షిణి ఆరో తరగతి. రోడ్డంటే మామూలు రోడ్డు కాదు. బొగ్గు టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి తోకలు పట్టుకున్నట్టు పోయే రోడ్డు. పెద్దవాళ్లే చెయ్యి ఎత్తి, ఆగి, మళ్లీ వెనక్కి వచ్చి దాటుతారు.

సారు గదిలోకి నేరుగా పోయింది.

"సారూ, మరుగుదొడ్ల రిపేరన్నరు గదా. కింద సంతకం వెట్టు, పైన నేను రాసుకుంట అన్నరు. గిదేంది?"

హెడ్మాస్టరు శాంతిరాజ్ సారు కళ్లజోడు తీసి తుడిచాడు. నస్పూర్ నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చే మనిషి. పిల్లల మీద ఒక్కనాడు చెయ్యెత్తలేదు. పై ఆఫీసు నుంచి ఫోనొస్తే మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడతాడు.

"పైనుంచి ఒత్తిడి రాజకుమారమ్మా. మీటింగు పెట్టినట్టు రాసి పంపుమన్నరు. పెడితే మాత్రం ఎవరొస్తరు చెప్పు? నాలుగేండ్ల సంది పెడుతున్న. నువ్వు, నేను, ఖాళీ కుర్చీలు."

"ఎన్ని గంటలకు వెడుతున్నరు?"

"పదకొండుకు. ఆఫీసు టైము గదా."

రాజకుమారి కిటికీలోంచి కాలనీ వైపు చూసింది. పదకొండింటికి ఫస్ట్ షిఫ్టు వాళ్లు బొగ్గు గనిలో, భూమి కింద ఉంటారు. నైట్ షిఫ్టు వాళ్లు మంచి నిద్రలో ఉంటారు. సెకండ్ షిఫ్టు వాళ్లు డ్యూటీ లోపల బజారు పనులు చక్కబెట్టుకుంటూ ఉంటారు. ఆడవాళ్లు సగం మంది పత్తి చేన్లలో ఉంటారు. నాలుగేళ్లుగా ఈ ఊళ్లో ఎవరూ ఉండని గంట చూసి మరీ పిలిచినట్టుంది. సారుకు అది తట్టలేదు. తనకైనా తట్టిందా?

మరి అందరూ ఒక్కచోట ఉండే గంట ఏది?

సారు వైపు తిరిగింది.

"సారూ, రిజిస్టరు వట్టుకొని రెండున్నరకు బొగ్గు బాయి గేటు కాడికి రాండ్రి. షిఫ్టు మారేటప్పుడు డ్యూటీ ఎక్కేటోళ్లు, దిగేటోళ్లు అందరు ఆడనే ఉంటరు. మీటింగు ఆడ్నే."

"బడి రిజిస్టరు బడి గడప దాటొద్దమ్మా!"

"నా సంతకం నన్నే దాటిపోయింది గద సారూ."

సారు బీరువా తాళం కోసం సొరుగు లాగాడు.

ఇంటికి వచ్చే దారిలో ఆమె నల్లా దగ్గర ఆగింది. పక్క క్వార్టర్ అనసూర్య బిందె నింపుతోంది. ఆమెకు ఒక్క మాట చెబితే కాలనీ అంతా మైకు కట్టి తిరగాల్సిన పని ఉండదు.

"రెండున్నరకు బాయి గేటు కాడ బడి మీటింగు. అందర్ని తోలుకరా."

"బాయి కాడ బడి మీటింగా? ఏమైందే రాజక్కా, ఎండ గొట్టిందా?"

"ఆడికొచ్చినంక చెప్త."

చెప్పాలి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టానని అందరి ముందూ చెప్పాలి. మొగుడు నర్సింగానికీ తెలియదు. రేపటి నుంచి నల్లా దగ్గర, రేషన్ షాపు దగ్గర, చర్చి గేటు దగ్గర తన పేరే నానుతుంది. చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కాగితం ఆఫీసులో పడుంటుంది. హర్షిణి రోడ్డు దాటుతుంది.

అన్నం ముద్ద నోట్లో పెట్టుకొని, మింగకుండానే లేచింది.

రెండున్నరకు గేటు దగ్గర చాయ బండి చుట్టూ సెకండ్ షిఫ్టు వాళ్లు, టోపీలు చంకలో పెట్టుకొని. కాలనీ ఆడవాళ్లు గుంపుగా వచ్చేశారు, అనసూర్య ముందు నడుస్తోంది. సారు రిజిస్టరు సంచిలో పెట్టుకొని వచ్చాడు. రెండు ముప్పావుకు ఫస్ట్ షిఫ్టు వాళ్లు ఒక్కొక్కరే పైకి రావడం మొదలైంది. మొహాలు నల్లగా, కళ్లు మాత్రం తెల్లగా. అప్పుడు రాజకుమారి చాయ బండి బెంచీ ఎక్కింది.

అందరికీ వినబడేట్టు గొంతెత్తింది.

"ఆరు, ఏడు క్లాసులు రోడ్డు అవతలికి పోతున్నయి. మీరందరు ఒప్పుకున్నరని రాసి ఉన్నది."

"ఎవడొప్పుకున్నడు?" వెనక నుంచి ఒకరు అరిచారు.

"నేనొప్పుకున్న. చదవకుండ, ఖాళీ కాగితం మీద సంతకం వెట్టిన. తప్పు నాది."

టోపీ దీపం అప్పజెప్పి అప్పుడే బయటికొచ్చిన నర్సింగం, బెంచీ మీదున్న పెళ్లాన్ని చూసి అక్కడికక్కడే నిలిచిపోయాడు.

"కొంగుకు పెన్ను కట్టుకొని తిరుగుడు కాదే," అంది అనసూర్య నడుము మీద చెయ్యేసి. "ఏం రాసిండ్రో చూడొద్దా? నా బిడ్డ షాంపూ కొంటే గూడ వెనకాల చదువుతది!"

"చైర్మనమ్మకు సంతకం వెట్టుడు వచ్చు, చదువుడు రాదాయె!" ఇంకెవరో అన్నారు. నవ్వులు. ఆ నవ్వులు గులకరాళ్లలా వచ్చి మొహానికి తగిలాయి. ఆమె బెంచీ దిగలేదు.

"తిట్టుండ్రి. తర్వాత గూడ తిట్టుండ్రి, నేనేడికి వోను. గిప్పుడు మాత్రం టైము లేదు. ఐదింటి లోపల సగం ఇండ్లవి, నలభై రెండు సంతకాలు ఆఫీసుల ఇస్తే గా కాగితం చెల్లది."

"పెద్దబడిల సైన్సు సారున్నడు గదా. పోతే తప్పేంది?" అన్నాడొక సెకండ్ షిఫ్టతను.

"ఉన్నడు. పోవుడు మంచిదో, ఉండుడు మంచిదో గిప్పుడు తేల్చేది కాదన్నా. మనల్ని అడగకుండ రాసింది కొట్టెయ్యాలె. మళ్ల అందరం కూసోని, మాట్లాడుకొని, అందరి ముందల రాయాలె. అప్పుడు పోదామంటే పోదాం."

గుంపులో గుసగుస లేచింది. అందరి తలలూ నర్సింగం వైపు తిరిగాయి. అతను బూట్లు ఈడ్చుకుంటూ ముందుకొచ్చాడు.

"ఇంటికి వోయినంక నీ సంగతి చెప్త," అన్నాడు గట్టిగా. తర్వాత సారు వైపు చెయ్యి చాచాడు. "పెన్నియ్యుండ్రి."

గుంపు ఒక్కసారిగా కదిలింది.

"ఆగుండ్రి! సంత జెయ్యకుండ్రి!" అని యిర్మియా కేకేశాడు. ఆయన గనిలో సర్దార్. ముప్పై ఏళ్లుగా మనుషుల్ని లెక్కబెట్టి కిందికి పంపి, లెక్కబెట్టి పైకి తెచ్చిన గొంతు అది. ఎవరైనా ఆగాల్సిందే. "సెకండ్ షిఫ్టోళ్లు ముందల! సైరన్ కొట్టేటాలకు లోపల ఉండాలె. తర్వాత ఆడోళ్లు. ఫస్ట్ షిఫ్టోళ్లు ఆఖర్ల. బడిల పిల్లలున్నోళ్లే రాండ్రి. పిల్లలు లేకుండ సంతకం వెట్టినోడికి రేపు కింద కష్టమైన జాగ ఇస్త!"

అందరూ నవ్వారు. వరుస కట్టారు. ఒక సైకిలు సీటు మీద రిజిస్టరు, పేజీ పైన సారు రాసిన అభ్యంతరం. పక్కన శాంతిరాజ్ సారు, గొడుగు పట్టుకున్నవాడిలా పేజీ మీదికి వంగి.

"అయ్యో, పేజీ నల్లగైతున్నది," అన్నాడు ఆయన, బొగ్గు వేళ్ల ముద్రలు చూసి.

"వాండ్ల చేతులు గట్లనే ఉంటయి సారూ," అంది రాజకుమారి.

ఒకరు సంతకం పెట్టి టోపీ నెత్తిన పెట్టుకొని పరుగు తీస్తున్నారు. ఇంకొకరు పెన్ను లాక్కుంటున్నారు. కొందరు పెద్దబడే మేలని పక్కకు నిలబడి చాయ తాగుతున్నారు, అయినా మెడలు చాచి చూస్తున్నారు. యిర్మియా వేళ్లు మడుస్తూ గట్టిగా లెక్క చెబుతున్నాడు. ఇరవై ఎనిమిది... ముప్పై ఐదు... సైరన్ మోగింది. చివరి సెకండ్ షిఫ్టతను గేటు లోపలి నుంచే వెనక్కి తిరిగి, "ఎంతైంది కాకా?" అని అరిచాడు.

"నలభై మూడు!"

ఈలలు. ఎవరో టోపీ గాల్లోకి ఎగరేశారు. అనసూర్య రాజకుమారి వీపు మీద ఒక్కటి చరిచింది, తిట్టినంత గట్టిగా.

రాజకుమారి మాత్రం పేజీ మీద వేలు పెట్టి పై నుంచి కిందికి చదువుతోంది. సగంలో వేలు ఆగింది. ఇంకాస్త కిందికి పోయి మళ్లీ ఆగింది.

"అనసూర్యా, నువ్వూ వెట్టినవ్, మీ ఆయనా వెట్టిండు."

"వెట్టద్దా మరి?"

"ఇంటికొక్కటే."

వెతికితే అలాంటి ఇళ్లు నాలుగు తేలాయి. మొగుడు డ్యూటీ దిగి వరుసలో నిలబడ్డాడు, అప్పటికే పెళ్లాం పెట్టేసింది. నలభై మూడులో నాలుగు పోతే ముప్పై తొమ్మిది.

సారు దగ్గరికి జరిగి చెవిలో చెప్పినట్టు అన్నాడు. "ఉండనీ అమ్మా. ఆఫీసుల గంత వివరంగ ఎవరు చూస్తరు?"

ఒక్క క్షణం ఆమెకు నిజంగా ఉంచాలనిపించింది. ఇంతమంది నవ్వుతున్నారు. ఇంత కష్టపడ్డారు.

"గట్ల చూడకనే గద సారూ గింత దాక వచ్చింది," అని పెన్ను తీసుకొని నాలుగు పేర్ల మీద గీత గీసింది. అందరూ చూస్తుండగా, ఒక్కొక్క పేరూ పైకి చదువుతూ.

"మూడు కావాలె!" అంది. "నైట్ షిఫ్టోళ్లు పండుకున్నరు. లేపుదాం పాండ్రి!"

ఇక పరుగే. రిజిస్టరు గుండెలకు హత్తుకొని ఆమె, వెనక చెమటలు కక్కుతూ సారు, ఆయన వెనక సగం కాలనీ. నైట్ షిఫ్టు వాళ్లలో సంతకం పడని, బడి పిల్లలున్న ఇళ్లు ఆరు. మూడింటికి తాళాలు, ఎవరిదో పెళ్లికి పోయారు. నాలుగో తలుపు సంపత్‌ది. వేపపుల్ల నోట్లో ఉండగానే విషయం విని, పుల్ల తియ్యకుండానే సంతకం పెట్టాడు. ఐదో ఇంట్లో ముసలి ఐలవ్వ కొడుకును లేపుతానని పోయి, లేవకపోతే చెంబెడు నీళ్లు మొహాన కొట్టింది. అతను లేచి, ఇంట్లోకి ఇంతమంది జనం ఎందుకొచ్చారో తెలియక, బాయిలో ప్రమాదమేమో అని వణికిపోయాడు. బడి సంగతని తెలిశాక నవ్వాలో తిట్టాలో తెలియక సంతకం పెట్టాడు.

మిగిలింది భూపాల్. అతని కొడుకు రుత్విక్ ఏడో తరగతి. వాణ్ని పెద్దబడిలో వేస్తానని కాలనీలో ఎప్పటినుంచో అంటున్నది భూపాలే.

లుంగీ కట్టుకొని గడపలో నిలబడ్డాడు. జనాన్ని చూశాడు, రిజిస్టరు చూశాడు.

"నేను మావోన్ని పెద్దబడికే పంపుత చెల్లె. ఆడ కంప్యూటర్లున్నయి."

"పంపు అన్నా. గా మాటనే మీటింగుల చెప్పు."

"మీటింగు పదకొండుకు వెడ్తరు. నేను గప్పుడు గుర్రు వెడ్త."

"మూడు మీటింగులు. షిఫ్టుకొకటి. మూడిట్ల ఏమన్నరో రాసి బోర్డు మీద అంటిస్తం." ఆమె సారు వైపు చూసింది. సారు ఎంత జల్దిగా తలూపాడంటే కళ్లజోడు జారింది.

భూపాల్ చెయ్యి చాచలేదు. "గీ పేజీల ఏమున్నదో చదువు."

చదివింది. ఒక్క అక్షరం వదలకుండా. అతను గోడ గడియారం వైపు చూశాడు. నాలుగు ఇరవై.

"నన్ను అడిగి పంపితే పంపుత. అడగకుండ పంపితే నేనెందుకు పంపుత?" అంటూ సంతకం పెట్టాడు. పెద్దగా, రెండు గీతల జాగా ఆక్రమించి. "ఇగ ఆఫీసుకు ఎట్ల వోతవ్? ఆటో కోసం చూసుకుంట కూసుంటవా? ఎక్కు జల్ది!"

లుంగీ మీదే బండి తీశాడు. రాజకుమారి వెనక ఎక్కింది. సారు బడి స్టాంపు జేబులో తడుముకుంటూ యిర్మియా బండి ఎక్కాడు.

దారి పొడుగునా టిప్పర్లు. భూపాల్ హారన్ కొడుతూ, దుమ్ములో గొంతు చించుకుంటూ అరుస్తున్నాడు.

"మీటింగుల నేనే గెలుస్త సూడు చెల్లె! పోరగాండ్లకు ల్యాబు ఉండాలె!"

"రోడ్డు ఎవడు దాటిస్తడే అన్నా? నీ ల్యాబు దాటిస్తదా?"

"మనిషిని వెట్టుమని అడుగుదాం!"

"అడుగుదాం! కాగితం మీద రాయించుదాం!"

"బస్సు అడుగుదాం!"

"అడుగు, అడుగు! నువ్వే లేచి అడగాలె!"

ఐదుకు పది నిమిషాలుండగా గుమస్తా ఆ బొగ్గు మరకల పేజీలను అటూ ఇటూ తిప్పి చూశాడు. కొట్టేసిన నాలుగు పేర్ల దగ్గర వేలు ఆపి, "ఇవేంటి?" అని అడిగాడు.

రాజకుమారి చెప్పింది. అతను మిగిలినవి ఒక్కొక్కటిగా లెక్కబెట్టాడు. నలభై రెండు. ముద్ర వేశాడు.

బయట మెట్ల మీద భూపాల్ లుంగీ దులుపుకుంటున్నాడు.

"అయ్యిందా?"

"అయ్యింది."

"మొదటి మీటింగు ఎప్పుడు? ముందుగాల నేనే మాట్లాడుత."

"లైన్ల నిలబడు అన్నా," అంది రాజకుమారి. పొద్దున్నుంచి బిగబట్టిన నవ్వు అప్పుడు వచ్చింది, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా.