చెత్త లారీలకు అడ్డంగా

తెల్లారేసరికి మా కాలనీని పొగ కమ్మేసింది. ఊళ్లోని ఇళ్ల చెత్తంతా తెప్పించి మా గోడల వెనక పోయించడం, గుట్ట పెరిగితే నిప్పు పెట్టించడం కంట్రాక్టరుకు మామూలే. ఆ రోజు ప్లాస్టిక్ ఎక్కువ కాలింది. గొంతుల్లో కారం చల్లినట్టు మంట.

కుట్టుమిషను అక్క వాళ్ల అత్తగారు తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని మంచంలో ఎగపోస్తోంది. ఆస్పత్రికని ఆటో తెచ్చేలోగా ఊపిరి ఆగిపోయింది. పోయినావిడ చిన్నకొడుకే చెత్త లారీ డ్రైవరు.

జనం పోగయ్యారు. అక్క మరిది వైపు తిరిగింది.

“నువ్వు పోసిన చెత్తేరా మీ అమ్మను మింగింది!”

“నన్నంటావేం వదినా? నేను మానేస్తే ఇంకొకడు తోల్తాడు. నా పిల్లలు మట్టి తినాలా?”

“ఇప్పుడు తింటోంది పొగేగా!”

“వాణ్ణెందుకమ్మా అంటావ్? వాడూ మనలాగా కూలోడే,” అన్నాడు తాపీమేస్త్రీ. “నిప్పు పెట్టించేవాణ్ణి అడుగుదాం.”

“మొన్న అడిగితే ఏం చేశాడు? మాస్కులు పంచి ఫోటో దిగి పోయాడు!” అంది అక్క.

ఎవరో నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది.

గుట్ట మీద సీసాలూ అట్టలూ ఏరుకునే ముసలమ్మ గొంతు పెంచింది. “లారీలాపితే మా పొట్టలు మాడవా?”

“లారీలు రావద్దని ఎవరన్నారత్తా? కుళ్లిందీ ఎండిందీ కలిపి తేవద్దందాం. తగలబెట్టొద్దందాం. గుట్టను ఇళ్లకు దూరంగా తీసుకుపొమ్మందాం,” అన్నాడు తాపీమేస్త్రీ.

ముసలమ్మ సంచి భుజానికెత్తుకుని గుట్ట వైపు నడిచింది. డ్రైవరు వంగి తన తల్లి ముఖం తుడిచాడు. చేతికి మసి అంటింది. దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

“మంచం ఎత్తండి,” అన్నాడు చివరికి.

శవంతో సహా మంచాన్ని రోడ్డుకు అడ్డంగా దించాం. లారీలు వరసగా ఆగాయి. కబురంది వచ్చిన కంట్రాక్టరు కారు దిగకుండానే అద్దం కాస్త దించాడు. “ముందు శవం సంగతి చూడండి, తర్వాత మాట్లాడదాం.”

“అద్దం పూర్తిగా దించండి సార్,” అన్నాడు తాపీమేస్త్రీ. “మా గాలీ కాస్త పీల్చండి.”

పోలీసులొచ్చారు. తల్లి పక్కనున్న డ్రైవరును చొక్కా పట్టి ఈడ్చుకెళ్లి వ్యాను ఎక్కించారు. అక్క మంచంకోడు పట్టుకుని నేలమీద కూలబడింది.

“కొడుకును వదిలేదాకా ఈ మంచం కదలదు!”

ఇన్‌స్పెక్టరు మొదటి లారీకి చెయ్యి ఊపాడు. “పోనీరా!”

లారీలో ఉన్నవాడు మంచం వైపు చూశాడు. ఇంజను కట్టేశాడు. కిందికి దిగి, అక్క పక్కన కూర్చున్నాడు. వెనక ఒక్కో ఇంజనూ ఆగుతూ వచ్చింది. గుట్ట మీద ఏరుకునేవాళ్లు సంచులు దించి, ముసలమ్మ వెంట రోడ్డు మీదికి దిగారు.