తులశమ్మగారి కుర్చీ

నేను ఒక సెప్టిక్ ట్యాంకుని. తెనాలి ఊరి చివర కాలనీలో, పానకాలరావుగారి ఇంటి ముంగిట నేల కింద ఉంటాను. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో ఎవరేం తిన్నారో, ఎవరికి ఒంట్లో బాగోలేదో, ఏ పండక్కి ఎంతమంది చుట్టాలొచ్చారో మొదట తెలిసేది నాకే. అయినా నా మాట ఎత్తడానికి ఎవరికీ మనసొప్పదు.

నన్ను కట్టింది కోటిలింగం అనే తాపీమేస్త్రి. రెండు అరలు, మధ్య గోడ, అరకొక సిమెంటు మూత. బరువైనది అడుక్కి దిగుతుంది, తేటనీరు రెండో అర దాటి ఇంకుడుగుంతలోకి పోతుంది, నాలో ఉండే సూక్ష్మజీవులు తినగలిగినంత తింటాయి. పని ముగిసినరోజు మేస్త్రి, “మూడేళ్లకోసారి తోడించండి బాబుగారూ. మూతల మీద మాత్రం ఏమీ కట్టమాకండి” అన్నాడు. పానకాలరావుగారు తలూపారు. ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. తలూపడం ఆయనకు బాగా అలవాటు.

ఐదో ఏట స్కూటరు పెట్టుకోవడానికని ముంగిలంతా నున్నటి టైల్సు పరిపించారు. నా మూతలు రెండూ వాటి కిందికి పోయాయి. మరుగుదొడ్డి తళతళలాడాలని వారం వారం యాసిడ్ పోసేవారు. పైన ఎంత మెరిస్తే కింద నా సూక్ష్మజీవులు అంత చచ్చేవి. మాడిన నూనె, పాత గుడ్డలు, జుట్టు ఉండలు, అన్నీ నాలోకే. వద్దనడానికి నాకు నోరెక్కడిది? అడుగున మడ్డి గట్టిపడి మనిషి నడుము లోతుకి పెరిగింది. మోయడం తప్ప వేరే పని లేనివాళ్లకి అలసట కూడా పనిలో భాగమైపోతుంది.

పన్నెండో ఏట, మనవరాలి అన్నప్రాశనకి ముందురోజు పొద్దున, నేనిక మోయలేకపోయాను. స్నానాలగదిలోకి మురుగు వెనక్కి తన్నింది. పానకాలరావుగారి భార్య తులశమ్మగారు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గుమ్మంలో నిలబడి, “ఏవండీ, ట్యాంకు మూత ఎక్కడుంది?” అని అడిగారు. ఆయన స్కూటరు వైపు చూశారు.

తోడే లారీ వచ్చింది. ఒక్క మూత మేరకే టైల్సు పగలనిచ్చారాయన. గొట్టం పైనీళ్లు లాగింది. తర్వాత గుడ్డలు అడ్డుపడి ఆగిపోయింది.

“రెండో మూత కూడా తియ్యాలండి. నీళ్లు కొట్టి మడ్డి నానబెట్టాలి. సాయంత్రం దాకా పడుద్ది” అన్నాడు డ్రైవరు.

“రేపు అరవైమంది భోజనాలయ్యా. ఎవరన్నా దిగి గునపంతో కదిపితే గంటలో అయిపోద్దిగా?”

“మనుషుల్ని దింపకూడదండి. నేను దింపను.”

పానకాలరావుగారే ఎవరికో ఫోను చేసి ఇంకో మనిషిని పిలిపించారు. నలభై ఏళ్లుంటాయి అతనికి. చొక్కా విప్పి, మడతపెట్టి, పిట్టగోడ మీద ఉంచి, నడుముకి తాడు కట్టుకోసాగాడు. నా లోపలి గాలి సంగతి నాకు తెలుసు. అది మనిషికి కేకవేసే వ్యవధి కూడా ఇవ్వదు.

“నీ పేరేంటయ్యా?” అని తులశమ్మగారు అడిగారు.

“ఎలీషా అండి.”

“ఇదివరకు దిగావా ఇట్లాంటివాటిల్లోకి?”

“దిగానండి. మా బావమరిదీ నేనూ కలిసే దిగేవాళ్లం.”

“మరి అతనేడీ?”

ఎలీషా ముడి బిగించుకుంటూ, “పోయినేడు ఒక ఇంట్లో దిగాడండి. ఆ రోజు నాకు జొరం, నేను పోలా. ఆడు పైకి రాలా” అన్నాడు. ఎండ గురించి చెప్పినట్టే చెప్పాడు.

తులశమ్మగారు లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి, తెరిచిన నా నోటికి అడ్డంగా వేసుకుని కూర్చున్నారు. ఆ కంపులో, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోకుండా.

“లే తులశీ. చుట్టాలందరికీ చెప్పాం.”

“ఇంకోరోజని మళ్లీ చెబుదాం. రేపు మన పిల్ల నోట్లో అన్నం పెట్టడానికి ఇవాళ ఇంకో ఇంటివాళ్ల నోట్లో మట్టి కొట్టమంటారా?”

ఎలీషా ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాడు. “దిగకపోతే మరి నాకు పనేముందమ్మా?”

“ఆ గునపం తీసుకో. ఆ టైల్సన్నీ పగలగొట్టు. నీ పని అదే.”

పానకాలరావుగారు వెళ్లి స్కూటరు స్టాండు తీసి రోడ్డు మీదికి నెట్టారు. ఒక్కో టైలూ పగులుతుంటే ఆయన మొహం చూడలేకపోయానని తర్వాత తులశమ్మగారే కూతురికి ఫోనులో చెబుతుంటే విన్నాను. రెండో మూత లేచింది. నీళ్లు కొట్టారు, నానబెట్టారు, పైనుంచే వెదురుగడతో కలిపారు, కొక్కెంతో గుడ్డలు లాగారు. పొద్దు వాలేవేళకి ఖాళీ అయ్యాను.

తులశమ్మగారు ఇద్దరికీ కాఫీ తెచ్చి ఇచ్చారు. డ్రైవరుకి స్టీలు గ్లాసులో, ఎలీషాకి కాగితం కప్పులో. ఒక మెట్టు దిగినావిడ రెండో మెట్టు దగ్గర ఆగారు. అతను గమనించాడో లేదో, తాగేశాడు.

ఇప్పుడు మూడేళ్లకోసారి తోడిస్తున్నారు. యాసిడ్ మానేశారు. మూతలు ఎండకి కనిపిస్తూనే ఉన్నాయి. అయినా నాకు అలసట తీరలేదు. ఖాళీ చేసిన మర్నాటినుంచే మళ్లీ నిండుతాను కదా. ఒళ్లు మరీ బరువెక్కిన రోజుల్లో ఆ సాయంత్రాన్ని తలుచుకుంటాను. ఎలీషా కొళాయి దగ్గర కాళ్లు కడుక్కున్నాడు. తాడు చుట్టి భుజాన వేసుకున్నాడు. పిట్టగోడ మీది చొక్కా దులిపి తొడుక్కుని, గుండీలు పెట్టుకుంటూ, తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికి వెళ్లాడు.