నాలుగు వందల పది డిగ్రీలు

కాకరకాయలు గీకుతూ చెప్పాను. ఫర్నేస్‌లో పెట్టిన పన్నెండు పింగాణీ గొట్టాల్లో తొమ్మిది పగిలాయని, తప్పు నాదేనని మా డైరెక్టర్ సంతకం పెట్టమంటున్నారని. మా ఆయన శివశంకర్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

"పెట్టరాదు? ఒక్క సారీతోని పొయ్యేదానికి పరేషాన్ ఎందుకు? ఇంట్ల దినాం అంటనే ఉంటవు గద."

నిజమే. పాలు విరిగినా, పనిమనిషి రాకపోయినా, మా పిల్లాడు చిన్నుకు జ్వరం వచ్చినా అంటూనే ఉంటాను.

అత్తమ్మ అందుకుంది: "గొట్టాలు కాల్చెతందుకు గంత సదువెందుకో! మా ఊరి కుమ్మరి మొగిలి బడి మొఖమే చూడలే."

ఆ మొగిలికి తెలిసింది మా డైరెక్టర్‌కు తెలియలేదు. కుండలు కాల్చే ఆవం చల్లారకముందు తెరవకూడదు. ఆ గొట్టాల మీది పూతలో కంటికి ఆనని రంధ్రాలుంటాయి. ఫ్యాక్టరీ వదిలే కలగలుపు వాయువులోంచి హైడ్రోజన్‌ను మాత్రమే అవతలికి పోనిస్తాయి. ఆ పూత కుదరడానికి నాకు మూడేళ్లు పట్టింది. కాల్చాక రోజున్నర దానంతటదే చల్లారాలి. అవింకా చల్లారుతుండగానే, శనివారం చిన్ను బడిలో తల్లిదండ్రుల మీటింగ్. "నాకు కాల్ ఉంది" అన్నాడు శివశంకర్. తల్లిదండ్రులంటే నేనొక్కదాన్నే కాబట్టి, రెండు గంటలు పర్మిషన్ అడిగి చందానగర్‌లోని బడికి వెళ్లాను. ఆ రెండు గంటల్లో పెట్టుబడి పెట్టేవాళ్లొచ్చారు. వాళ్లకు చూపించాలని డైరెక్టర్ వెంకటరమణ గారే ఫర్నేస్ తలుపు తీశారు. ఎప్పుడు, ఎంత వేడి మీద తీశారో ఫర్నేస్ రికార్డులో ఉంది.

మర్నాడు పొద్దున గోపన్‌పల్లి ల్యాబ్‌లో ఆయన మళ్లీ ఆ కాగితం జరిపారు. 'స్వరూప అజాగ్రత్త వల్ల' అని ఉంది.

"చూడండమ్మా, మీరు పెడితే చిన్న పొరపాటండి. నేను పెడితే కంపెనీ పరువు. అయినా మీరు ఆ మీటింగ్‌కి వెళ్లకపోతే ఇదంతా జరిగేదా?"

"మీ పిల్లల మీటింగ్‌కు ఎవరు పోతరు సార్?"

"మా ఆవిడ. ఏం?"

ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. కలం తీసి ఆ వాక్యం కొట్టేశాను. కింద రాశాను: 'శనివారం పదకొండున్నరకు, నాలుగు వందల పది డిగ్రీల దగ్గర తలుపు తీసినవారు వెంకటరమణ. నేను అక్కడ లేను.' సంతకం పెట్టాను.

"ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్న సార్."

పెళ్లయిన పదకొండేళ్లలో, నాది కాని తప్పును నాది కాదనడం అదే మొదటిసారి. ఆ మాట ముందు ఇంట్లో అనలేకపోయానే అన్నదొక్కటే సిగ్గు.